సుగుణ మేడం పని, నా పేరు

రెండు వారాల కిందట, మంగళవారం ఉదయం సుగుణ మేడం ఇక లేరన్న వార్త నా ఫోనుకు చేరింది. మున్సిపాలిటీలో ఒకప్పుడు కలిసి పనిచేసినవాళ్ల వాట్సాప్ గ్రూపులో ఎవరో ఆమె ఫొటో పెట్టారు. ఆఫీసు గుర్తింపు కార్డు మీది పాత ఫొటో. దాని కింద ఒకరి తర్వాత ఒకరు చేతులు జోడించిన బొమ్మలు పెడుతున్నారు. నేను ముంబైలో మా బ్యాంకు క్యాంటీన్ దగ్గర టీ కప్పుతో నిలబడి ఉన్నాను. ఒక్కసారిగా చెవులు మూసుకుపోయినట్టయింది. పక్కనున్న సహోద్యోగి ఏదో అడుగుతున్నాడు, పెదవులు కదలడం కనిపిస్తోంది గాని మాట వినిపించలేదు.

వార్త తెలియగానే శోకంతో కుంగిపోయానని రాస్తే అది అసత్యమవుతుంది. ముందు కలిగింది సిగ్గు. దుఃఖం చాలాసేపటికి గాని రాలేదు. ఎందుకంటే అంతకు పావుగంట ముందే, మా విభాగంలో కొత్తగా చేరిన ఆరుగురు యువతీయువకులకు శిక్షణ తరగతిలో నేనొక అనుభవం చెప్పి వచ్చాను. నల్లా నీళ్లు రాని ఒక కాలనీలో నేను ఇల్లిల్లూ తిరిగిన అనుభవం. వాళ్లు కళ్లప్పగించి విన్నారు. ఒకమ్మాయి రాసుకుంది కూడా. ఆ అనుభవం నాది కాదు. సుగుణ మేడంది.

ఆమెను ఎరిగినవారు ఆమె పనిచేసిన మూడు పట్టణాల్లో ఎందరో ఉన్నారు. నాకంటే దగ్గరగా ఎరిగినవారూ ఉన్నారు. అయినా ఈ నాలుగు పుటలు రాయవలసిన బాధ్యత నాకే ఎక్కువ. ఆమె సుగుణాలను కీర్తించడానికి నాకు అర్హత ఉందని అనుకోను. ఆమె దగ్గర ఏం తీసుకున్నానో చెప్పకుండా ఆమెను గురించి ఒక్క వాక్యం కూడా నిజాయితీగా రాయలేను గనుక రాస్తున్నాను.

సుగుణ మేడం కోదాడలో పుట్టారు. తండ్రి చర్చి బడిలో ఉపాధ్యాయుడు. కామర్స్ చదివి, పరీక్ష రాసి, పురపాలక శాఖలో లెక్కల విభాగంలో చేరారు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల మధ్యనే ఆమె ఉద్యోగ జీవితమంతా గడిచింది. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే, "అడిగినోళ్లు నచ్చలేదు, నచ్చినోళ్లు అడగలేదు" అని నవ్వేవారు. పొట్టి మనిషి. మాట మెల్లగా ఉండేది, నడక మాత్రం చాలా వేగం. ఆదివారం చర్చిలో పాటల బృందంలో నిలబడేవారు గాని ఆమెకు స్వరజ్ఞానం బొత్తిగా లేదు. "పాస్టరు గారు నన్ను వెనక వరుసలో నిలబడమన్నాడు. ఇంకో వరుస ఉంటే ఇంకా వెనక్కి పంపేవాడు" అని ఆమే చెప్పేవారు.

ఆమె సత్యనిష్ఠ గురించి ఉపన్యాసాలు ఇచ్చిన మనిషి కాదు. అది ఆమె నీళ్ల సీసాలో కనిపించేది. మా ఆఫీసులో అందరికీ ప్లాంటు నుంచి నీళ్ల క్యాన్లు వచ్చేవి. ఆమె మాత్రం ఆవరణలోని మున్సిపల్ నల్లా దగ్గరికి వెళ్లి స్టీలు సీసా నింపుకొని తాగేవారు. ఒకసారి ఆ నీళ్లు కొంచెం రంగుగా వచ్చాయి. ఆ సీసాను అట్లాగే తీసుకెళ్లి ఇంజనీరు గారి బల్ల మీద పెట్టి, "సర్, ఇది మనం అమ్మే సరుకు. మీరొక గుక్క తాగి చూడండి" అన్నారు. ఆయన తాగలేదు. సాయంత్రానికల్లా ఆ లైను శుభ్రం చేయించాడు.

నాది మోతె మండలంలో ఒక చిన్న పల్లె. నాన్న మేళ్లచెరువు సిమెంటు లారీల మీద డ్రైవరుగా ఉండేవాడు. సూర్యాపేటలో డిగ్రీ పూర్తి చేసి, ఏ దారీ తోచక, ఔట్‌సోర్సింగ్‌లో ఒక మున్సిపాలిటీలో కంప్యూటర్ ఆపరేటరుగా చేరాను. అది ఏ ఊరి మున్సిపాలిటీయో ఇక్కడ రాయను. మేడం ఎప్పుడూ, "తప్పు కాగితం మీద దిద్దుదాం, ఊరి పేరు బజార్ల పెట్టొద్దు" అనేవారు.

చేరిన వారంలోనే ఆమె దగ్గర మొదటి పాఠం నేర్చుకున్నాను. నల్లా బిల్లులు కట్టనివాళ్ల జాబితా టైపు చేసి, పైన 'మొండి బకాయిదారులు' అని శీర్షిక పెట్టాను. ఆమె కళ్లజోడు సర్దుకొని చదివి, 'మొండి' అన్న మాటను పెన్సిలుతో కొట్టేశారు.

"వీళ్లు మొండోళ్లని నీకెవరు చెప్పిండ్రు, సైదులూ?"

"పాత ఫైల్ల గట్లనే ఉన్నది మేడం."

"కట్టనోడు వేరు, కట్టలేనోడు వేరు. ఎందుకు కట్టాలె అని అడిగేటోడు ఇంకా వేరు. ముగ్గుర్ని ఒక్క పేరు కింద రాస్తే ఎట్లా? మనుషుల్ని చూడకముందే పేరు పెట్టకు."

ఇప్పుడు దేశంలోని నగరపాలక సంస్థల పత్రాలు నా బల్ల మీదికి వస్తుంటాయి. ఒక ఊరికి అప్పు పుడుతుందా లేదా, పుడితే ఆ ఊరు దాన్ని తీర్చగలదా అని తేల్చి, బాండ్ల రూపంలో మదుపరుల దగ్గర డబ్బు సమకూర్చి పెట్టడం నా వృత్తి. నీళ్ల ట్యాంకులు, మురుగు కాల్వలు, బస్టాండ్లు ఆ డబ్బుతో కడతారు. పబ్లిక్ ఫైనాన్స్ అంటారు. ఈ విద్యలో నేను చదివిన ఏ పుస్తకమూ, ఆ పెన్సిలు గీత నేర్పినంత నేర్పలేదు.

ఇక నేను దొంగిలించిన సంగతి చెప్పాలి.

ఆ పట్టణంలో కొత్త నీళ్ల ట్యాంకుకు అప్పు తెచ్చే ప్రయత్నం మొదలైంది. అప్పు ఇచ్చేవాళ్లు నల్లా బిల్లుల వసూళ్లు ఎట్లా ఉన్నాయో చూపమన్నారు. రైస్ మిల్లుల వెనుక, గుట్ట వాలు మీద ఒక కాలనీ ఉంది. తండాల నుంచి మిల్లుల్లో హమాలీ పనికి వచ్చి స్థిరపడిన కుటుంబాలవి. అక్కడ బిల్లులు దాదాపు ఎవరూ కట్టడం లేదు. ఆ కాలనీని పథకంలోంచి తీసేస్తే వసూళ్లు బాగున్నట్టు కనిపిస్తాయి, అప్పు సులువుగా వస్తుంది అని ఆఫీసులో ఒక ఆలోచన వచ్చింది. చెడ్డ ఉద్దేశంతో అన్నవాళ్లు ఎవరూ లేరు. అందరికీ ట్యాంకు కావాలి, త్వరగా కావాలి.

మేడం సంతకం పెట్టలేదు. "పోయి అడిగొస్త" అన్నారు. మధ్యాహ్నం భోజనం అయ్యాక రోజూ గొడుగు పట్టుకొని ఆ గుట్ట ఎక్కేవారు. దాదాపు నెల రోజులు. ఇల్లిల్లూ తిరిగి, ఆడవాళ్ల దగ్గర కూర్చొని మాట్లాడి, సాయంత్రం ఆఫీసుకు వచ్చి ఆమె చెబుతుంటే నేను టైపు చేసేవాణ్ని. బిల్లు ఎందుకు కట్టలేదని ఆమె ఎవరినీ అడగలేదు. నల్లా ఏ వేళకు వస్తుందని మాత్రమే అడిగారు. ఆ ప్రశ్నకు ఒకావిడ నవ్వి, "నల్లానా మేడం? పెట్టిననాడు వచ్చింది. ఆనాడు ఫొటోలు దిగిన్రు. మళ్ల రాలే" అన్నదట. పైపు వేశారు గాని ఆ ఎత్తుకు నీళ్లు ఎక్కవు. ఎవరూ వెళ్లి చూడలేదు.

ఒక సాయంత్రం ఆమె వచ్చి గొడుగు బల్లకు ఆనించి కుర్చీలో కూర్చున్నారు. నేను కీబోర్డు మీద చేతులు పెట్టి ఎదురుచూస్తున్నాను. అప్పుడు అన్నారు:

"మూడిండ్లోళ్లు కడుతున్నరు, సైదులూ. చుక్క నీళ్లు రాకున్నా నెలనెలా కడుతున్నరు. కట్టకపోతే ఎప్పటికీ రావని ఎవరో భయపెట్టిండ్రంట."

ఆ మూడిళ్ల సంగతినే ఆమె నివేదికలో మొదటి వాక్యంగా పెట్టారు. చివరి వాక్యం నాకు ఇప్పటికీ కంఠస్థం: 'ఈ కాలనీవాసులు మనకు బకాయి పడలేదు, మనమే వారికి బకాయి పడి ఉన్నాము.' సర్కారు కాగితంలో అటువంటి వాక్యం ఉండకూడదని పైవాళ్లు అన్నారు. ఆమె తీయలేదు. అప్పు ఇచ్చే సంస్థ అధికారి ఆ కాగితం చదివి స్వయంగా వచ్చి గుట్ట ఎక్కి చూశాడు. కాలనీని కలుపుకొనే ట్యాంకు మంజూరైంది. నీళ్లు వచ్చిన కొద్ది నెలలకే ఆ కాలనీ వాళ్లు బిల్లులు కట్టడం మొదలుపెట్టారు. ఆ తరువాత మేడం ఆ విషయం ఎక్కడా ప్రస్తావించినట్టు నేను వినలేదు.

నన్ను ఈ దారిలోకి పంపింది కూడా ఆమే. ఏదో నగరం బాండ్లు అమ్మి నీళ్ల పథకం కట్టుకుందని పేపర్లో వార్త వస్తే, దాన్ని కత్తిరించి నా కంప్యూటరుకు అంటించారు.

"ఇది చదువు. ఇట్ల ఊర్లకు డబ్బు కుదిర్చే పని చేసేటోళ్లు ఉంటరంట. పెద్ద నగరాలకే చేస్తరు, మన దిక్కు రారు. నువ్వు పోయి నేర్చుకో. నేర్చుకొని ఇటు దిక్కు కూడా చూడు."

"నాతోని అయితదా మేడం?"

"టైపు తప్పుల్లేకుండ చేస్తవు. తప్పుల్లేకుండ చేసేటోనికి ఏదైనా అయితది."

ప్రవేశ పరీక్షకు ఆఫీసు అయ్యాక గంటసేపు కూర్చోబెట్టి చదివించారు. హైదరాబాదులో ఎంబీఏ సీటు వచ్చిన రోజు ఆమె క్యాన్ నీళ్ల బదులు తన సీసాలో నీళ్లు గ్లాసులో పోసి ఇచ్చారు, అంతే.

రెండేళ్ల తరువాత ముంబైలో ఒక ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకు పబ్లిక్ ఫైనాన్స్ విభాగానికి ఇంటర్వ్యూ జరిగింది. బల్లకు అవతల ముగ్గురు. నాతో పాటు బయట కూర్చున్నవాళ్లు పెద్ద పెద్ద కళాశాలల్లో చదివినవాళ్లు. వాళ్ల ఇంగ్లీషు విని, నేను చెప్పబోయే జవాబులను లోలోపల మళ్లీ దిద్దుకున్నాను. "ఒక ఊరు అప్పు తీరుస్తుందో లేదో నువ్వు ఎట్లా తెలుసుకుంటావు?" అని అడిగారు. నేను గుట్ట మీది కాలనీ సంగతి చెప్పడం మొదలుపెట్టాను. మొదట 'మేము వెళ్లాం' అన్నాను. మధ్యలో ఉన్నాయన పెన్ను ఆపి, "మేము అంటే? ఇల్లిల్లూ తిరిగింది నువ్వేనా?" అని అడిగాడు.

"అవును" అన్నాను.

ఆ ఒక్క మాట నోటి నుంచి వెళ్లిన తరువాత వెనక్కి తీసుకోవడానికి నాకు ఎన్నో క్షణాలు దొరికాయి. తీసుకోలేదు. పైగా రంగులద్దాను. చల్ల గ్లాసు ఇచ్చి, నా తల నిమిరిన ఒక ముసలవ్వను సృష్టించాను. ఆ అవ్వను తలచుకొని నా గొంతు కొంచెం వణికింది కూడా. ఉద్యోగం వచ్చింది. మేడంకు ఫోన్ చేసి చెప్పాను. "ఏం అడిగిండ్రు?" అని ఆమె ఉత్సాహంగా అడిగారు. "మామూలు ప్రశ్నలే మేడం" అన్నాను.

ఆ కథ అక్కడితో ఆగి ఉంటే ఇంత సిగ్గుపడవలసి వచ్చేది కాదేమో. అది నాకు పేరు తెచ్చింది. మా విభాగాధిపతి ప్రతి కొత్త ఖాతాదారు దగ్గరా నన్ను పరిచయం చేస్తూ అదే చెప్పేవాడు. నేను తల వంచుకొని వినయం నటించేవాణ్ని. ఎన్నిసార్లు చెప్పానంటే, గుట్ట మీది దుమ్ము వాసన నాకు నిజంగానే గుర్తున్నట్టు అనిపించేది.

కొన్నేళ్లకు హైదరాబాదులో చిన్న పట్టణాల అధికారులకు మా బ్యాంకు ఒక సమావేశం పెట్టింది. ఒక్కొక్క చిన్న పట్టణానికీ విడిగా బాండ్ల మీద అప్పు పుట్టదు గనుక, నాలుగైదు కలిసి తీసుకోవచ్చునన్న ప్రతిపాదన. జాబితాలో సుగుణ మేడం పేరు ముందు రోజే చూశాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. జ్వరమని చెప్పి మానేద్దామనుకున్నాను, ధైర్యం లేక వెళ్లాను.

ఆమె నన్ను చూసి సంతోషంతో దగ్గరికి వచ్చారు. సంచిలోంచి నాలుగు కాగితాలు తీసి చూపించారు. మూడు పట్టణాలూ కలిస్తే ఏమేం చేసుకోవచ్చో చేత్తో రాసుకొచ్చారు. అంతలో మా విభాగాధిపతి వచ్చాడు. ఆమె నా పాత ఆఫీసు మనిషని తెలిసి, ఇంగ్లీషులో ఆ కథ మొత్తం ఆమెకే చెప్పాడు. గుట్ట, గొడుగు, ఇల్లిల్లూ తిరగడం, మూడిళ్లు, చివరికి చల్ల ఇచ్చిన ముసలవ్వ. "మీ ఆఫీసు నుంచి ఇటువంటి కుర్రవాణ్ని మాకు ఇచ్చారు" అన్నాడు.

ఆమె నా వైపు చూశారు. కోపం లేదు. ఆశ్చర్యం కూడా ఎక్కువసేపు లేదు. లెక్కలో ఎక్కడో పొరపాటు దొరికినప్పుడు ఆమె కనుబొమ్మలు కొంచెం దగ్గరికి వచ్చేవి, అట్లా వచ్చాయి. నేను చెప్పవలసిన క్షణం అది. నేల వైపు చూస్తూ నిలబడ్డాను. ఆమె ఆయన వైపు తిరిగి మెల్లగా ఇంగ్లీషులో అన్నారు: "అవును, ఆ నివేదిక నా బల్ల మీదనే తయారైంది. ఇతను ఇచ్చిన కాగితంలో ఒక్క తప్పు కూడా లేదు."

అక్షరాలా సత్యం. నేను టైపు చేసిన కాగితంలో తప్పు లేదు. అప్పుడు నన్ను కాపాడటానికి కూడా ఆమె అసత్యం పలకలేదు. సత్యంతోనే కాపాడారు. భోజనాల దగ్గర, "అమ్మకు మోకాళ్ల నొప్పులు తగ్గినయా?" అని మాత్రం అడిగారు. సాయంత్రం బస్సెక్కి వెళ్లిపోయారు. మూడు పట్టణాల ప్రతిపాదన మా బ్యాంకుకు చిన్నదిగా తోచి పక్కన పడింది. దాని కోసం నేను పట్టుబట్టలేదు. పట్టుబడితే ఆమెతో తరచూ కూర్చోవలసి వచ్చేది.

పదవీ విరమణ తరువాత ఆమె మిర్యాలగూడలో ఒక గది కిరాయికి తీసుకొని, డిగ్రీ పిల్లలకు ఉచితంగా కామర్స్ చెప్పేవారు. వచ్చి వాళ్లకు నీ వృత్తి గురించి చెప్పమని నన్ను పిలిచారు. మూడుసార్లు వాయిదా వేశాను. నాలుగోసారి వెళ్లాను. ఇరవై మంది దాకా ఉన్నారు, చాప మీద. ఆమె పిల్లలతో పాటు ముందు వరుసలోనే కూర్చున్నారు. బాండ్లంటే ఏమిటో, ఏ చదువులు చదవాలో బాగానే చెప్పాను. చివర్లో త్రిపురారం నుంచి వచ్చే ఒక అమ్మాయి లేచి అడిగింది:

"సర్, మీరు ఈ పనిలకు ఎందుకొచ్చిన్రు? అంటే, ఏం చూసి వచ్చిన్రు?"

నా ఎదురుగా మేడం. ఆమె ముఖంలో నిరీక్షణ ఉందని నాకు తెలుసు. తీర్పు చెప్పే చూపు కాదది. దారి ఇచ్చి పక్కకు నిలబడిన మనిషి చూపు. ఒక్క వాక్యం చాలు: 'ఇదిగో, ఈ మేడం చేసిన పని చూసి వచ్చాను.' నా గొంతు దాకా వచ్చింది. ఆ ఒక్కటి అంటే మిగిలిందంతా అనవలసి వస్తుందని వెనక్కి మింగాను.

"అవకాశం వచ్చిందమ్మా, పట్టుకున్న" అన్నాను.

ఆ అమ్మాయి "థాంక్యూ సర్" అని కూర్చుంది. మేడం చాప అంచు సర్దుతూ ఉండిపోయారు.

బస్టాండు దాకా నాతో నడిచి వచ్చారు. అప్పటికే ఆమె అడుగు నెమ్మదించింది. మూత్రపిండాల జబ్బని నాకు తెలియదు, ఆమె చెప్పలేదు.

"ఆ పిల్ల మంచి ప్రశ్న అడిగింది" అన్నారు.

"అవును మేడం. తెలివిగల పిల్ల."

కొంత దూరం నడిచాం.

"నీకేమన్నా చెప్పాలని ఉందా, సైదులూ?"

"ఏం లేదు మేడం. మీరు జర ఆరోగ్యం చూసుకోండ్రి."

"సరే" అన్నారు. "బస్సు వచ్చేటట్టున్నది, పో."

అవే మా ఇద్దరి ఆఖరి మాటలు.

అంత్యక్రియలకు కోదాడ చేరేసరికి సమాధి కార్యక్రమం ముగిసింది. ఆమె చెల్లెలు కరుణ టీచరమ్మ వరండాలో కూర్చొని ఉన్నారు. వచ్చినవాళ్లందరూ వెళ్లాక నేను ఆమె ముందు నేల మీద కూర్చొని, ఇంటర్వ్యూ దగ్గర నుంచి బస్టాండు దాకా జరిగిందంతా చెప్పాను. 

"నాకు తెలీదు ఈ సంగతి" అన్నారు చివరికి. "అక్క నాతో చెప్పలేదు. నీ గురించి ఎప్పుడొచ్చినా, మా సైదులు ముంబైలో పెద్ద పని చేస్తున్నాడనే చెప్పేది."

"నన్ను మాఫ్ చెయ్యండి టీచరమ్మా."

"నేనెవర్ని మాఫ్ చెయ్యటానికి? నాదేం తీసుకున్నావు నువ్వు?" ఆవిడ గొంతు పెంచలేదు. "అడగాల్సిన మనిషి ఉన్నప్పుడు అడగలేదు. ఇప్పుడు నాకు చెప్పి బరువు దించుకుందామని వచ్చావు. అది నా దగ్గర దిగదు బాబూ. నీకు చెప్పాలని ఉంటే, ఎవరెవరికి అబద్ధం చెప్పావో వాళ్లకు చెప్పుకో."

తిరిగి ముంబై వెళ్లాను. విభాగాధిపతి గదిలోకి వెళ్లి చెప్పాను. ఆయన నవ్వాడు. ఇంటర్వ్యూల్లో అందరూ కొంచెం పెంచి చెబుతారని, ఇన్నేళ్ల తరువాత దాన్ని తవ్వుకోవడం ఎందుకని, నా పని నాణ్యతకు దానితో సంబంధం లేదని అన్నాడు. శిక్ష పడుతుందని వెళ్లిన నాకు ఆ నవ్వు శిక్షకంటే బరువనిపించింది. ఆ ఆరుగురు కొత్తవాళ్లను పిలిచి నిలబడి చెప్పాను.  ఆనాడు రాసుకున్న అమ్మాయి నోటుబుక్కు తెరిచి, "ఆమె పూర్తి పేరు ఏమిటి సర్?" అని అడిగి, నా పేరు కొట్టేసి దిద్దుకుంది.

మళ్లీ సెలవు పెట్టి వచ్చి, కిందటి శనివారం ఆ గుట్ట ఎక్కాను. ఇక్కడ ఇంకొక సంగతి ఒప్పుకోవాలి. పదేళ్లకు పైగా ఎన్ని సభల్లోనో వర్ణించిన ఆ కాలనీలో నేను అడుగు పెట్టడం అదే మొదటిసారి. దుమ్ము లేదు, సిమెంటు రోడ్డు వేశారు. ఇళ్ల ముందు నల్లాలున్నాయి. ఒక గడపలో డెబ్బై ఏళ్ల ఆవిడ మిరపకాయల తొడిమలు తీస్తూ కూర్చుంది. పేరు మంగ్లి అని చెప్పింది. కోడలితో లంబాడీలో ఏదో అని, నాకు కుర్చీ వేయించింది. ఇక్కడికి వెనకట సుగుణ మేడం అని వచ్చేవారు, గుర్తుందా అని అడిగాను.

"గుర్తు లేకేంది. గొడుగు మేడం. ఎట్లున్నది ఆమె?"

"చనిపోయిండ్రు అవ్వా. పోయిన మంగళారం కాదు, అంతకు ముందు మంగళారం."

ఆమె చేతిలోని మిరపకాయ చేతిలోనే ఉండిపోయింది. "మాకెవ్వరు జెప్పలే" అన్నది. కోడలిని పిలిచి చెప్పింది. కోడలు పక్కింటికి వెళ్లి చెప్పింది. నలుగురైదుగురు ఆడవాళ్లు వచ్చి నిలబడ్డారు. మట్టి చేసేనాడు పోయేటోళ్లం గదా, ఒక్క మాట చెప్పకపోయిరి అని ఒకావిడ కంటతడి పెట్టుకుంది. నేను కల్పించిన అవ్వలా ఎవరూ నా తల నిమరలేదు. ఎవరూ చల్ల తేలేదు. వాళ్లు ఏడ్చింది ఆమె కోసం.

కాసేపటికి మంగ్లి నన్ను పరిశీలనగా చూసింది.

"నువ్వేమైతవు బిడ్డా ఆమెకు?"

"ఆఫీసుల ఆమె కింద పనిచేసిన అవ్వా. నా పేరు సైదులు."

"ఓ, నువ్వేనా సైదులువు" అన్నది. "ఆమె ఒక్కతే వస్తుండె. గంత ఎండల ఎవరన్న తోడు రారా మేడం అని అడిగితే, మా సైదులని ఉన్నడు, వస్తననే అన్నడు, ఆయనకు కంప్యూటరు పని శానా ఉన్నది, నేనే వద్దన్న అనేది."



నిజానికి మొదటి రోజు మేడం నన్ను పిలిచారు. గొడుగు తీసుకొని తలుపు దగ్గర నిలబడి, "వస్తవా సైదులూ, ఇద్దరం పోయొద్దాం" అన్నారు. ఎండగా ఉంది మేడం, నేను రాలేనన్నాను. ఆమె మళ్లీ అడగలేదు. ఆ నెలంతా మధ్యాహ్నాలు నాకు పనేమీ లేదు. ఫ్యాను కింద కూర్చొని ఫోనులో క్రికెట్ చూసేవాణ్ని.

సుగుణ మేడం తన జీవితంలో ఆడిన అబద్ధం నాకు తెలిసినంతలో అదొక్కటే. దాన్ని కూడా నా పరువు కోసమే, నేనెన్నడూ ఎక్కని గుట్ట మీద, నాకు ముక్కూ మొహం తెలియని మనుషుల ముందు ఆడారు. అటువంటి మనిషి పక్కన కూర్చొని టైపు చేసే భాగ్యం నాకు దక్కింది, పక్కన నడిచే భాగ్యాన్ని నేనే వదులుకున్నాను. ఆమె లేని లోటు తీరేది కాదు. ఆ గుట్ట మీది నీళ్లు ఆమె తెచ్చినవి. నేను తేలేదు. ఆమె పాదాలకు నా నమస్కారం.